ఏడు గద్దెలు, ఒకే ధర

గరుడశిల అంచుకు చేరగానే గొంకడు ముందు తన అరచేతులు చూసుకున్నాడు. తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. రెండు పగళ్ళు నిట్టనిలువు కొండ పాకితే ఎవరి చేతులైనా అంతే, అందులో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, అంతకు ముందు ఆ కొండ పాకి బతికి బయటపడ్డవాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి గొంకడికి తెలియదు. తెలిస్తే పాకేవాడు కాదేమో. అప్పుడు మనకీ కథ ఉండేది కాదు.

పాకడానికి కారణం నాగగండి. సముద్రపు ఒడ్డు ఉప్పుమళ్ళ నుంచి కొండల నడుమనున్న హేమకూట రాజ్యానికి ఎద్దులు నడిచే దారి అదొక్కటే. ఆ గండిలో పన్నెండేళ్ళుగా పచ్చటి పొగ పట్టి ఉంది. రాజధాని అంగడిలో గద్దెలున్న ఏడుగురు వర్తకుల ఎద్దులు వస్తే ఆ పొగ తెర తీసినట్టు తొలగుతుంది. ఇంకెవరి ఎద్దు వచ్చినా మూతి కాలి వెనక్కి తిరుగుతుంది. అందుకని ఒడ్డున ఉప్పు పండించేవాళ్ళు ఆ ఏడుగురికే అమ్మాలి, వాళ్ళు చెప్పిన ధరకే అమ్మాలి. పది గోతాలు పోస్తే ఒక్క వరహా. ఈ ఏడు గొంకడూ, వాళ్ళ అక్క పోలమ్మా ఆ ధరకు ఇవ్వం పొమ్మన్నారు. అరవై ఎద్దుల మీద ఉప్పు గోతాలు వేసుకుని గండి దాకా వచ్చి, పొగ దగ్గర ఆగిపోయారు.

"ఎద్దులు కొండెక్కలేవు. నువ్వెక్కగలవు," అంది పోలమ్మ. ఆవిడ మాటెప్పుడూ అంతే, ముక్క కోసి చేతిలో పెట్టినట్టుంటుంది. "ఎక్కి, ఆ రాజ్యంలో న్యాయం ఉందో చచ్చిందో చూడు. ఉంటే దారి తెరిపించు. నేనిక్కడే కూర్చుంటా."

"చచ్చి ఉంటే?"

"ఆ మాటైనా దిగొచ్చి నాకు చెప్పాలిగా. చూసుకుని ఎక్కు."

ఎక్కాడు. ఇప్పుడు కింద రాజధాని లవణపేట కళ్ళు జిగేలుమనిపిస్తోంది. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికొక రంగు రాయి. బురుజుల మీద బంగారు కలశాలు పొద్దుటి ఎండను పట్టి వీధుల్లోకి ఒలకబోస్తున్నాయి. చంద్రకాంత శిలల మేడల మీద నెమళ్ళు బారులు తీరి ఉన్నాయి. పూలవీధి నుంచి సంపెంగల వాసన, గంధపువీధి నుంచి గంధపు వాసన, ఏనుగుశాలల నుంచి ఏ వాసన వస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఇంత సిరిలో లేనిదొక్కటే, గంజిలోకి ఉప్పు. కోట గుమ్మం పక్క గుడిసెలో ఒక ముసలమ్మ ఉప్పుగల్లును దారానికి కట్టి, కుండలో ఒకసారి ముంచి తీసి, మళ్ళీ చూరుకు వేలాడదీస్తుంటే గొంకడు నిలబడి చూశాడు.

"అదేమిటవ్వా?"

"సంవత్సరానికి ఒక గల్లు నాయనా. పిల్లలు నాకకుండా పైన కడతాం," అంది ఆవిడ, అదేదో లోకమంతా చేసే పనైనట్టు.

వాళ్ళూళ్ళో కొనేవాడు లేక వానకు కరిగి మళ్ళీ సముద్రంలోకే పోయే ఉప్పు గొంకడి కళ్ళ ముందు మెదిలింది. నడుముకున్న కత్తి ఇచ్చేసి, ఒక మారుబేరగాడి దగ్గర తలపాగా, చేతికర్ర పుచ్చుకున్నాడు. మీసానికి బూడిద రాసుకుని, వీపు కొంచెం వంచి, కొండగూడేల్లో చిల్లరగా ఉప్పమ్ముకునే మనిషి వేషంలో అంగడికి బయల్దేరాడు.

అంగడి వాకిట్లో నిలువెత్తు నల్లరాయి ఉంది. తాతలనాటి రాజు చెక్కించిన శాసనం. అక్షరాల్లోకి పావురాలు రెట్టలు వేసి పెట్టాయి, చదివేవాళ్ళు లేరు కదా. గొంకడు తలపాగా కొసతో తుడిచి చదివాడు.

"ఈ అంగడిలో పెద్ద కొట్టు పెట్టుకొనుట తప్పు గాదు. ఇతరులకన్న చౌకగా అమ్మి పెద్దవాడగుట తప్పు గాదు. అమ్మువారు కూడబలుకుకొని ధర కట్టుట తప్పు. కొత్తగా అమ్మవచ్చువానికి దారి కట్టుట తప్పు. ఈ తప్పు చేసినవారిని ఎవ్వరైనను ఈ రాతిమీద కుడిచేయి వేసి నిలదీయవచ్చును. పొద్దుగుంకులోగా రుజువు చేయలేనివాని ఆ చేయి తీసివేయబడును."

ఇంకా కింద రెండు పంక్తులున్నాయి గానీ వాటి మీద రెట్ట మరీ ఎండిపోయింది. గొంకడు తన కుడిచెయ్యి వంక ఒకసారి చూసుకుని లోపలికి నడిచాడు.

ఆ అంగడిలో బేరం నోటితో ఆడరు. అది అక్కడి ఆచారం. వర్తకుడి ఒళ్ళో ఎర్రగుడ్డ పరిచి ఉంటుంది. కొనేవాడూ అమ్మేవాడూ దాని కింద చేతులు పెట్టి వేళ్ళతో ధర చెప్పుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒక వరహా, పిడికిలి పట్టుకుంటే అయిదు, మణికట్టు పట్టుకుంటే పది, మోచెయ్యి పట్టుకుంటే నూరు. పక్కగద్దెవాడికి ఈ గద్దె ధర తెలియకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. ఎవడి ధర వాడిది కావాలి, ఎవడి తెలివి వాడిది కావాలి. ఒడ్డున ఉప్పుమళ్ళలోనూ అదే పద్ధతి. గొంకడు నడక నేర్చిన ఏడాదే ఆ వేళ్ళ లెక్కా నేర్చాడు.

మొదటి గద్దె మీద కూర్చున్నవాడు వసుభూతి, ఏడుగురికీ పెద్ద. పట్టు అంగీ, చెవులకు పచ్చలు, చల్లటి నవ్వు. గొంకడు గుడ్డ కింద చెయ్యి పెట్టి రెండు వేళ్ళు పట్టుకున్నాడు. అంటే గోతానికి రెండు వరహాలు. వసుభూతి చెయ్యి మాత్రం చచ్చిన చేపలా అక్కడే పడి ఉంది. ఒక్క వేలు కదల్లేదు.

"సరే, మూడు," అన్నాడు వసుభూతి పైకి.

రెండో గద్దె దగ్గరా అంతే. చెయ్యి కదల్లేదు, నోరు మూడంది. గొంకడికి అనుమానం తగిలింది. మూడో గద్దెలో మణికట్టు పట్టుకున్నాడు. గోతానికి పది వరహాలు ఇస్తానని దానర్థం. ఏ వర్తకుడైనా ఎగిరి గంతేసి సంచీ విప్పాలి.

"మూడే బాబూ, మూడే," అన్నాడు మూడో గద్దెవాడు ఆవులిస్తూ.

నాలుగో గద్దెలో కూర్చున్నవాడు పుండరీకుడు, నున్నటి బుగ్గల కుర్ర వర్తకుడు. నిరుడే తండ్రి పోతే గద్దెకెక్కాడు. గొంకడు ఏకంగా వాడి మోచెయ్యి పట్టుకున్నాడు. గోతానికి నూరు వరహాలు!

"చక్కిలిగిలి పెట్టకయ్యా," అన్నాడు పుండరీకుడు మెలికలు తిరుగుతూ. "మూడు."

గొంకడు పకపకా నవ్వేశాడు. నవ్వకూడని చోటే నవ్వొస్తుంది మనిషికి. తలపాగా జారింది, మీసం మీద బూడిద రాలింది. అంగడిలో గుడ్డలు అందించే బక్క ముసలివాడొకడు అతని అరచేతుల వంక చూశాడు.

"వీడు మారుబేరగాడు కాదు. ఒడ్డు నుంచి గరుడశిల ఎక్కి వచ్చాడు. చేతులు చూడండి," అన్నాడు ముసలివాడు మెల్లగా.

వసుభూతి వేలు చూపించగానే ఇరవైమంది కావలివాళ్ళు బల్లేలతో మీద పడ్డారు. గొంకడు గోతాల కుప్ప మీదికి ఉరికాడు. అక్కణ్ణించి కాటా దూలానికి వేలాడి, ఊగి, ఒక ఏనుగు వీపు మీద పడ్డాడు. ఏనుగు ఘీంకరించి బెల్లం కొట్లోకి తొండం పెట్టింది. బల్లెం ఒకటి అతని చెవి పక్కనుంచి దూసుకుపోయి గుమ్మడికాయలో దిగబడింది. గొంకడు ఏనుగు తోక పట్టుకు జారి, పందిట్లో దూరి, నలుగురిని తోసుకుని, ఆఖరు బల్లెం వీపుకు తగలబోతుండగా నల్లరాయి మీద కుడిచెయ్యి వేశాడు.

కావలివాళ్ళు నిలువునా ఆగిపోయారు. నలభై ఏళ్ళుగా ఆ రాయి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వేసినవాణ్ణి పొద్దుగుంకేదాకా ఎవరూ తాకకూడదు. ఆ తర్వాత తాకేది తలారి.

కబురందుకున్న మహారాణి శశిప్రభ పల్లకీ దిగి రాయి దగ్గరే ఆసనం వేయించుకుంది. ఎనభై ఏళ్ళ మనిషి. తల ముగ్గుబుట్ట, చూపు మాత్రం సూది. తలారి గొడ్డలి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పొద్దు అప్పటికే పడమటి బురుజు మీదికి వాలింది.

"ఏం నాయనా, ఏమిటి నీ అభియోగం?"

"తల్లీ, ఈ ఏడుగురూ కూడబలుక్కుని ధర కట్టారు. గండి దారీ కట్టారు."

వసుభూతి చేతులు జోడించాడు. "మహారాణీ, ఏడుగురం అమ్మేది ఒకే ఉప్పు. నడిచేది ఒకే దారి. ఎద్దులు మేసేది ఒకే గడ్డి. ఖర్చు ఒకటైనప్పుడు ధర ఒకటి కాక ఏమవుతుంది? ఏడిళ్ళలోనూ ఒకే వేళకు తెల్లవారితే ఆ ఏడిళ్ళవాళ్ళూ కూడబలుక్కున్నట్టా?"

జనం తలలూపారు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వింటే నేనూ ఊపేవాణ్ణే.

"అతను చెప్పింది సబబే," అంది మహారాణి. "ధర ఒకటైనంత మాత్రాన నేరం కాదు. ముందు మాట్లాడుకుని ఒకటి చేస్తే నేరం. ఆ మాట్లాడుకోవడం నువ్వు చూశావా? విన్నావా?"

"లేదు తల్లీ."

"రాత ఏమన్నా దొరికిందా?"

"లేదు."

"మరి దేన్ని నమ్ముకుని చెయ్యి పెట్టావయ్యా?"

"వాళ్ళ చేతుల్ని," అన్నాడు గొంకడు. "తమరికి వేళ్ళ బేరం వచ్చా తల్లీ?"

సేనాపతి కత్తి మీద చెయ్యి వేశాడు. మహారాణి అతన్ని కళ్ళతోనే ఆపింది. "మా పుట్టింటి తాత మిరియాల వర్తకుడు. బువ్వ తినడం కన్నా ముందు అదే నేర్పాడు."

"అయితే వసుభూతిగారి గద్దె దగ్గర ఒక్క గోతాం తమరే బేరమాడండి."

ఎర్రగుడ్డ పరిచారు. మహారాణి ముడతల చెయ్యి దాని కిందికి వెళ్ళింది. వసుభూతి ముఖంలో చల్లటి నవ్వు చెక్కుచెదరలేదు.

"తమరికైనా మూడే మహారాణీ," అన్నాడు వసుభూతి గర్వంగా. "మా దగ్గర రాజూ పేదా తేడా లేదు."

జనం శభాష్ అన్నారు. మహారాణి గుడ్డ కింద నుంచి చెయ్యి తియ్యలేదు.

"నేనెంత ఇస్తానన్నాను వసుభూతీ?"

వసుభూతి నవ్వు ఒక పక్కకు ఒరిగింది. "రెండు... రెండున్నర."

"మూడుసార్లు నీ మణికట్టు పట్టుకున్నాను. ముప్పై." మహారాణి లేచి రెండో గద్దెకు వెళ్ళింది, మూడో గద్దెకు వెళ్ళింది, ఏడూ తిరిగింది. ఒకడు ఒకటన్నాడు, ఒకడు నాలుగన్నాడు, పుండరీకుడు చక్కిలిగిలి ఆపుకోలేక చెయ్యి లాక్కున్నాడు. ఏడుగురిలో ఒక్కడికీ వేళ్ళ బేరం రాదు. పన్నెండేళ్ళు మూడంటే మూడని కూర్చున్నవాళ్ళకు వేళ్ళతో పనేముంది? పాతవాళ్ళు మరిచిపోయారు, కొత్తవాళ్ళు నేర్వనే లేదు.

"బేరమే ఆడనివాళ్ళు ధర ఎట్లా కట్టారు?" అంది మహారాణి. "గుడ్డ కింద తేలవలసిన ధర ఇంకెక్కడో తేలింది. ఎక్కడో చెప్పండి."

మహారాణి పల్లకీలోని నీళ్ళచెంబు అందుకుని శాసనం అడుగున ఉన్న రెట్ట కడిగి, ఆ రెండు పంక్తులూ బిగ్గరగా చదివింది. "కట్టులో నున్నవారిలో మొట్టమొదట నిజము చెప్పువాని గద్దె నిలుచును. తక్కినవారి గద్దెలు తీసివేయబడును."

వసుభూతి వెనక్కి తిరిగి ఆరుగురినీ చూశాడు. ఆరుగురూ వసుభూతిని చూశారు. పన్నెండేళ్ళు ఒక్క కంచంలో తిన్నవాళ్ళు, ఒకరి పిల్లల పెళ్ళికి ఒకరు అక్షింతలు వేసినవాళ్ళు. ఆ స్నేహం తమలపాకు నమిలినంత సేపు కూడా నిలవలేదు.

"వసుభూతిగారింట్లో!" పుండరీకుడు గద్దె మీంచి దూకాడు. "ప్రతి పౌర్ణమికీ విందు. ఆయనే ధర చెప్తాడు. మా నాన్న కాదంటే..."

"ముందు నేను నోరు తెరిచాను," అన్నాడు మూడోవాడు.

"ధర నేను కట్టలేదు, వాళ్ళే కట్టమన్నారు," అన్నాడు వసుభూతి, ఆ పెద్దరికమంతా ఎటు పోయిందో.

ఏడు నోళ్ళు ఒక్కసారే మొదలయ్యాయి. చేపలబజారు నయం. మహారాణి చెయ్యెత్తి పుండరీకుణ్ణే చెప్పమంది.

"గండిలో పొగ కూడా మేం పెట్టించిందే మహారాణీ. కరాళకంఠుడనే మాంత్రికుడు పెట్టాడు. ఏటా మా లాభంలో సగం అతనిది. అదిగో..." పుండరీకుడు వేలు చూపించాడు. "ఆ గుడ్డల ముసలివాడే."

బక్క ముసలివాడు నిట్టూర్చాడు. చూస్తుండగానే తాడిచెట్టంత పెరిగాడు. కనుబొమల కింద నిప్పుకణికెలు, మెడలో ఎముకల దండ, జడల్లో బుసకొట్టే పాము. "పిరికి వెధవల్లారా," అని ఏడుగురినీ ఒక్క మాటలో కడిగేసి, ఎర్రగుడ్డ విసిరి దాని మీద కూర్చున్నాడు. గుడ్డ గాలిలోకి లేచింది.

"అభియోగం నెగ్గింది, చెయ్యి నీదే," అని మహారాణి అంటూనే ఉంది. గొంకడు అప్పటికే ఎగిరి ఆ చేత్తోనే గుడ్డ అంచు పట్టుకున్నాడు.

ఇక చూడండి! మేడల మీది నెమళ్ళు చెల్లాచెదరయ్యాయి. ఏడు ప్రాకారాలూ ఏడు రంగుల చారల్లా కాళ్ళ కింద జారిపోయాయి. మాంత్రికుడు జడలోని పామును విదిలిస్తే అది గొంకడి మెడకు చుట్టుకుంది. పళ్ళతో దాని తోక కొరికి పారేశాడు. మాంత్రికుడు నిప్పులు ఊదాడు. తలపాగా అంటుకుంటే తల విదిలించి దాన్ని కిందికి రాల్చాడు. గుడ్డ గిరికీలు కొట్టింది, కొండకొమ్మును ఒరుసుకుపోయింది. అరచేతి పుండ్లు మళ్ళీ పగిలి నెత్తురు కారింది. గొంకడు వదల్లేదు. చివరికి నాగగండి లోపలివైపు మొదట ఇద్దరూ దబ్బున నేలకూలారు.

ఎదురుగా పచ్చటి పొగ గోడ, ఈ కొండ నుంచి ఆ కొండ దాకా. దాని అవతల ఎద్దుల రంకెలు వినిపిస్తున్నాయి.

కరాళకంఠుడు దుమ్ము దులుపుకుని లేచాడు. ఆశ్చర్యం, అతనికి కోపం లేదు. "గట్టివాడివోయ్," అన్నాడు. "ఆ ఏడుగురితో విసిగిపోయాను. ఏడుగురికి పంచాలంటే మాటలా? నీతో ఒక్క మాట. రేపటికి వాళ్ళ గద్దెలుండవు. మిగిలే ఆ చక్కిలిగిలివాడు నీకొక లెక్కా? ఈ పొగ నీ ఎద్దులకే తొలగుతుంది, ఇంకెవరికీ తొలగదు. ఉప్పంటే గొంకడు, గొంకడంటే ఉప్పు. మూడెందుకు, ముప్పై అను. కొనక ఏం చేస్తారు? ఎవరితోనూ కూడబలుక్కోనక్కర్లేదు కూడా."

ఎందుకు దాచాలి, గొంకడికి ఆశ పుట్టింది. ఉప్పునీళ్ళలో పుండ్లు పడ్డ అక్క పాదాలు గుర్తొచ్చాయి. పెంకుటిల్లు, కంచు గంగాళాలు, అక్కకు కాళ్ళు కిందపెట్టనక్కర్లేని బతుకు కళ్ళ ముందు కట్టాయి. ఒక్క ఊ అంటే చాలు. అడిగేవాళ్ళు లేరు.

"అక్కా," అని కేకేశాడు పొగలోకి. "మనకొక్కళ్ళకే దారిస్తాడట."

అవతలినుంచి పోలమ్మ గొంతు వచ్చింది. "మన వెనకాల ఎల్లమందవాళ్ళ ఎద్దులొచ్చాయిరా. వాళ్ళ వెనక ఇంకా ఇరవై ఇళ్ళవాళ్ళు. వాళ్ళకేం చెప్పమంటావు?"

గొంకడు మాంత్రికుడి వైపు తిరిగాడు. "దారి అందరిదీ కావాలి. వాళ్ళు నాకన్నా చౌకగా అమ్మితే అమ్మనీ, నేను ఇంకా చౌకగా అమ్ముకుంటా. ఇది తియ్యాలంటే ఏం చెయ్యాలి?"

కరాళకంఠుడు ముఖం మాడ్చుకున్నాడు. "లోపల ఇనపమేకు దిగ్గొట్టి ఉంది. అది ఊడితే పొగ పోతుంది. పీకబోయిన చెయ్యి మాత్రం మళ్ళీ వాడికి పనికిరాదు. తలారి గొడ్డలి నుంచి తప్పించుకున్నది దీనికోసమేనా?"

గొంకడు నెత్తురోడుతున్న తన కుడిచెయ్యి చూసుకున్నాడు. భయమేసింది. ఆ చేత్తోనే కాటా పట్టాలి, గోతాం ఎత్తాలి, గుడ్డ కింద బేరమాడాలి.

"అక్కా, ఎద్దుల్ని లేపి నిలబెట్టు," అన్నాడు.

చెయ్యి భుజం దాకా పొగలో దూర్చాడు. కాలింది. వెతికాడు. వేళ్ళకు ఇనుము తగిలింది. పచ్చటి మంట మోచేతి దాకా పాకి మాంసం కొరకడం మొదలుపెట్టింది. గొంకడు పళ్ళు బిగబట్టి, రెండు కాళ్ళూ నేలకు తన్ని పెట్టి, మేకు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు.